బలపాలు మాన్పించిన ఇనప మూకుడు

మట్టిలో నుంచి మనిషిని చేసి, ఆ మనిషి బతకడానికి అదే మట్టిలో నుంచి ఆకునూ గింజనూ మొలిపించిన దేవునికి ముందుగా నా స్తోత్రం. నేను పోవలసిన దాన్ని. ఆయన పోనివ్వలేదు. ఈ సాక్ష్యంలో కోపం కనిపిస్తే అది దేవుని మీద కోపమని ఎవరూ అనుకోవద్దు. ఆయన పేరు చెప్పి ఒంట్లో నెత్తురు లేని ఆడమనిషిని పస్తు పెట్టిన వాళ్ల మీద నా కోపం. ఆ వాళ్లలో నేను కూడా ఉన్నాను.

నాది గురజాల పక్కన ఒక ఊరు. మిషన్ బడిలో పంతులమ్మను. నా భర్త అదే బడికి హెడ్మాస్టరు. సాగరు డ్యాము పని జోరుగా సాగుతున్న రోజులవి. ఒక సోమవారం పొద్దున బడి మొదలయ్యే ముందు పిల్లల చేత కీర్తన పాడిస్తున్నాను. రెండో చరణం మధ్యలో నాకు ఊపిరి అందలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టు వినిపించింది. పిల్లలు పాడుతూనే ఉన్నారు, నేను మాత్రం నాపరాయి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. అప్పటికి నాకు మూడో నెల. వేవిళ్ల నీరసమే అనుకున్నాను.

నిజానికి అంతకు ముందు నుంచే నాలో ఒక పాడు అలవాటు మొదలైంది. బలపాలు తినడం. పిల్లలు పలక మీద రాసే బలపాలే. తడి మట్టి వాసన లాంటి వాసన వాటిలో ఉండేది. ముక్క నోట్లో వేసుకుని నమిలితే ప్రాణానికి హాయిగా ఉండేది. రోజుకు ఒకటి కాస్తా నాలుగైపోయాయి. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ప్రార్థన చేసుకుని మానేసేదాన్ని, మళ్లీ మధ్యాహ్నానికి చెయ్యి బలపాల పెట్టెలోకే వెళ్లేది.

మేం అప్పుడు తినే తిండి సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ కూలికి వెళ్లే మనిషి. జొన్నన్నం, సజ్జ రొట్టె, చేలో దొరికిన ఆకు తెచ్చి ఇనప మూకుట్లో చింతపండు వేసి వండిన పులుసు, ఎప్పుడైనా ఊళ్లో వేట కోసినప్పుడు కాస్త కార్జం, అంటే లివరు. నేను వీటి మీదే పెరిగాను. టీచరు ట్రైనింగు అయ్యాక ఇవన్నీ నాకు నామోషీ అయ్యాయి. మిల్లులో బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం తప్ప మా ఇంట్లో వండేవాళ్లం కాదు. ఆకుకూరంటే లేనివాళ్ల తిండి అనుకున్నాం. నా పెళ్లికి అమ్మ ఇచ్చిన రెండు ఇనప మూకుళ్లనూ పాత సామాను వాడికిచ్చి తళతళలాడే సత్తు గిన్నెలు తీసుకున్నాను. మా సంఘపెద్ద యోహాను గారు ఇంటికొచ్చి ఆ గిన్నెలు చూసి, "దేవుడు మిమ్మల్ని ఎత్తాడు" అన్నారు. మేం పొంగిపోయాం. ఇక మా ఆయనా, వచ్చిన వాళ్లూ తిన్నాక అడుగున మిగిలిన అన్నంలో చారు పోసుకుని నేనూ అత్తమ్మా తినేవాళ్లం. దీన్ని తగ్గింపు గుణం అనుకున్నాను. సంఘంలో మాకు నేర్పిందీ అదే.

బలపాల సంగతి మా అత్తమ్మ కనిపెట్టింది. నా పెట్టెలో చీరల కింద దొరికాయి.

"ఏమే రూతూ, ఇవేంది? బళ్లో పెట్టుకోవాల్సినవి చీరల్లో పెట్టుకున్నావేంది?"

నేను ఏడ్చాను. ఆమె భయపడింది. నా మంచి కోరి యోహాను గారికి చెప్పింది. ఆయన వచ్చి, బైబిలు ఒళ్లో పెట్టుకుని, చానా సేపు కళ్లు మూసుకుని, చివరకు తేల్చారు: "మన్ను తినడం సర్పానికి పెట్టిన శాపం. ఆ ఆత్మ ఈమెను పట్టింది. మూడు శుక్రవారాలు ఉపవాసముండాలి. అది వదిలేదాకా ప్రభువు బల్ల దగ్గరకు రాకూడదు."

నేను ఎదురు చెప్పలేదు. వాక్యం చదువుకున్న దాన్నే, అయినా నమ్మాను. నాలుగో నెల గర్భిణిని, మంచినీళ్లు కూడా ముట్టకుండా రెండు శుక్రవారాలు చాప మీద మోకాళ్లూనాను. ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి బల్ల దగ్గరకు వెళ్తుంటే నేను వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆడవాళ్లు నా పక్కన తమ పిల్లల్ని కూర్చోనివ్వలేదు. మూడో శుక్రవారం ప్రార్థన మధ్యలో పడిపోయాను. యోహాను గారు, "వదిలిపోతోంది, వదిలిపోతోంది" అని ఇంకా గట్టిగా ప్రార్థించారట. మా ఆయన మాత్రం నా గోళ్ల వంక చూశారు. కాగితంలా తెల్లగా ఉన్నాయి. ఆయన ఎవరినీ అడగలేదు. బండి కట్టించి గురజాల స్టేషనుకు తీసుకెళ్లి, రైల్లో పట్నం చేర్చారు.

అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కింది కనురెప్ప లాగి చూసింది. నాలుక చాపమంది. గోళ్లు నొక్కి చూసింది. బ్లడ్ టెస్ట్, మోషన్ టెస్ట్ చేయించింది. పురుగులు లేవన్నారు. కాగితం చూసి, "హిమోగ్లోబిన్ ముప్పై ఎనిమిది పర్సెంట్. వంద ఉండాల్సింది. సివియర్ ఎనీమియా" అంది. తర్వాత నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఏం తింటున్నావమ్మా? మట్టా, బియ్యమా, బలపాలా?"

"బలపాలు" అన్నాను. "మీకు ఎట్లా తెలిసింది?"

"నెత్తురు తక్కువైన వాళ్లు చాలామంది తింటారు. ఒంట్లో ఇనుము లేకపోతే పుట్టే ఆశ అది. ఇనుము వస్తే అదే పోతుంది."

"దయ్యం కాదా అమ్మా?"

ఆమె నవ్వలేదు. మా ఆయన వైపు తిరిగి, "ఈమెకు తిండి మానిపించింది ఎవరు?" అంది. ఆయన తల దించుకున్నారు. "ఈ నెత్తురుతో కాన్పు వస్తే మనిషి లేవదు. బిడ్డ సంగతి కూడా చెప్పలేను. కాన్పుకు ఇంకా ఐదు నెలలుంది మీకు."

పది రోజులు అక్కడే ఉన్నాను. లివర్ ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్షన్లు, ఫెర్రస్ సల్ఫేట్ టాబ్లెట్లు ఇచ్చారు. పంపించే రోజు డాక్టరమ్మ వంట సంగతి మాట్లాడింది. టాబ్లెట్లు మానొద్దు, కానీ వాటితోనే సరిపెట్టుకోవద్దు అంది. మునగాకు, తోటకూర, సజ్జలు, బెల్లం, వారానికి రెండుసార్లు కార్జం. ఇంట్లో ఇనప మూకుడు ఉందా అని అడిగింది. సత్తు గిన్నెలు తీసుకున్నామని చెప్పాను, గొప్పగా కాదు.

"మళ్లీ తెచ్చుకో. చింతపండు పులుసు అందులోనే వండు. నల్లబడుతుంది. పడనీ. ఆ ఇనుమే నీకు కావాల్సింది."

ఒంట్లో లేక నేను చచ్చిపోతున్న ఇనుమును నా చేత్తో నేనే పాత సామానులో వేశాను. రైల్లో ఆ దారంతా నాకు ఇదే ఆలోచన. నన్ను ఎత్తింది దేవుడే. ఆకు తినొద్దని మాత్రం ఆయన చెప్పలేదు.

అమ్మ తన మూకుడే ఇచ్చింది. మొదటి రోజు మునగాకు, కందిపప్పు, చింతపండు వేసి వండాను. మా ఆయన కంచంలో వేయగానే, "ఇది పులుసా, సిరానా?" అన్నారు.

"సిరాయే. ముందు తినండి, తర్వాత హాజరు పట్టీ రాసుకోండి" అన్నాను. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన తిని, రెండోసారి వడ్డించుకున్నారు. మూడు వారాలకు నేను ఆగకుండా బడి మెట్లు ఎక్కగలిగాను. బలపాల పెట్టె మీదికి మనసు పోవడం తగ్గింది.

అప్పుడు మళ్లీ ఎదురుదెబ్బ తగిలింది. కార్జం వండుతున్నామని యోహాను గారికి తెలిసింది. ఆదివారం ఆరాధనలో పేరు చెప్పకుండా చెప్పారు. కార్జమంటే గడ్డకట్టిన నెత్తురేననీ, నెత్తురు ముట్టవద్దని అపొస్తలులు ఆజ్ఞాపించారనీ, ముట్టిన ఇంటికి బల్ల లేదనీ. అందరూ మా వైపు చూశారు. అత్తమ్మకు బల్ల అంటే ప్రాణం. ఇంటికొచ్చి, "నావల్ల కాదే. నరకానికి పోయే పని నేను చెయ్యలేను" అని కార్జం మానిపించింది. అదే వారం టాబ్లెట్లకు నాకు వాంతులు పట్టుకున్నాయి, విరేచనం నల్లగా అయింది. లోపల కుళ్లిపోతోందని ఆమె అవి కూడా దాచిపెట్టింది. నేను ఊరుకున్నాను. నా మీద నాకు ఎక్కువ కోపం ఇందుకే. బిడ్డ కడుపులో కదులుతుంటే నేను సంఘం మాటకు భయపడి ఊరుకున్నాను.

ఏడో నెలలో మళ్లీ టెస్ట్ చేస్తే, మధ్యలో నలభై తొమ్మిదికి ఎక్కినది కాస్తా నలభై రెండుకు దిగింది. డాక్టరమ్మ ఈసారి అత్తమ్మనే పిలిపించి మాట్లాడింది. "టాబ్లెట్ వేసుకుంటే నల్లగానే పోతుంది, అది కుళ్లు కాదు. అన్నం తిన్నాక వేసుకుంటే వాంతి తగ్గుతుంది. పెద్దమ్మా, నీకు కోడలు కావాలా, వద్దా?" ఇంటికి రాగానే అత్తమ్మ దాచిన టాబ్లెట్లు తీసి నా చేతిలో పెట్టింది.

మరుసటి గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో గృహప్రార్థన. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రార్థన ఏ ఇంట్లో జరిగితే ఆ ఇంట్లో కోడిని కోస్తారు. దాని కార్జం ముక్క సంఘపెద్ద కంచంలో వేస్తారు. అది మర్యాద. ఆ రోజు అత్తమ్మే వండింది, అత్తమ్మే వడ్డించింది.

"ఏమయ్యా యోహానూ, కూర ఎట్టుంది?"

"చానా బాగుంది పెద్దమ్మా. నీ చెయ్యి పడితే ఇక చెప్పేదేముంది."

"ఆ మెత్తటి ముక్క తిన్నావా?"

"కార్జమేగా. వెన్నలాగా ఉంది."

"మరి అది గడ్డకట్టిన నెత్తురు గాదా?"

యోహాను గారి చెయ్యి కంచంలో ఆగింది. "కోడిది వేరు పెద్దమ్మా. ధర్మశాస్త్రంలో బలిపశువుకు..."

"కోడికి నెత్తురుండదా? ఇన్నేళ్లుగా నీ కంచంలోనే ఏస్తన్నాం. ఒక్కనాడు వద్దన్లేదు. నువ్వు తింటే కూరా, మా కోడలు తింటే పాపమా? అది ఒట్టి మనిషి కూడా గాదు."

ఎవరో దగ్గినట్టు నటించి నవ్వు మింగారు. నేను అప్పుడు లేచి నిలబడ్డాను. సంఘంలో గొంతెత్తడం అదే మొదలు.

"పెద్దయ్యా, పన్నెండేళ్ల పిల్ల చనిపోతే ప్రభువు ఆ ఇంటికి వెళ్లి చెయ్యి పట్టుకుని లేపాడు గదా. లేపిన వెంటనే ఏం చెప్పాడు? ఉపవాసం ఉండమన్నాడా? ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. అంత అద్భుతం చేసి కూడా ఆయన ఆ పిల్ల ఆకలి మరవలేదు. మీరు నన్ను మూడు వారాలు చూశారు. ఒక్కరైనా నేను ఏం తిన్నానో అడిగారా?"

"ఆడవాళ్లు నాకు వాక్యం చెప్పేదాకా వచ్చిందా?" అన్నారాయన.

"చెప్పట్లేదు పెద్దయ్యా, అడుగుతున్నాను."

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

గురజాల నుంచి పాస్టరు అయ్యగారు సంస్కారం ఇవ్వడానికి వచ్చిన ఆదివారం నన్నెవరూ పిలవలేదు. నేనే వెళ్లి, కడుపు బరువుకు బల్ల అంచు పట్టుకుని మోకరించాను. అత్తమ్మ వచ్చి నా పక్కనే మోకరించింది. యోహాను గారు అయ్యగారి చెవిలో ఏదో చెప్పారు. అయ్యగారు విన్నారు. విని, రొట్టె నా చేతిలో పెట్టారు.

తొమ్మిదో నెలకు హిమోగ్లోబిన్ అరవై ఆరుకు వచ్చింది. ఆసుపత్రిలోనే కాన్పయింది. ఆడపిల్ల. నీరసంగా పుట్టినా గట్టిగానే ఏడ్చింది. బాలింతకు ఆకుకూర పనికిరాదని ఊళ్లో ఆడవాళ్లు వస్తే, అత్తమ్మ వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి, "డాక్టరమ్మను అడిగి రాపోండి" అని పంపించింది.

ఇప్పుడు ఆ పిల్ల రెండో తరగతి. నేను అదే బడిలో పాఠం చెబుతున్నాను. మా స్త్రీల సమాజంలో ఉపవాస కూడిక పెట్టినప్పుడల్లా వచ్చిన ప్రతి మనిషినీ వెలుతురులో నిలబెట్టి కింది కనురెప్ప లాగి చూస్తాను. తెల్లగా ఉంటే ఆమెను ఉపవాసానికి కూర్చోనివ్వను, అన్నం పెట్టి, ఆసుపత్రికి పొమ్మంటాను. దీనికి నన్ను అవిశ్వాసి అన్న వాళ్లు ఉన్నారు. అననివ్వండి. నేను ఉపవాసానికి విరోధిని కాదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు ఉండాలి. లేనివాళ్ల చేత ఉంచడం దేవునికి అర్పణ ఎట్లా అవుతుందో నాకు ఎవరైనా చూపించాలి.

నేను చెప్పే ఒకే ఒక సలహా ఇది. వారానికి మూడు రోజులైనా ఇనప మూకుట్లో వండండి. గుప్పెడు మునగాకు, ఉడికిన పప్పు, కాస్త చింతపండు రసం చాలు. ఉడికిన వెంటనే వేరే గిన్నెలోకి తీయండి, మూకుడు కడిగి తుడిచి నూనె రాసిపెట్టండి. మరవకూడనిది ఇంకొకటుంది. వండిన ఆడమనిషి కూడా అందరితో పాటే పీట వేసుకుని కూర్చోవాలి, అడుగున మిగిలింది కాదు, కూరలో తన పాలు తాను తినాలి. అప్పుడే ఆ ఇనుము ఆమె ఒంటికి చేరుతుంది.

చదువుతున్న సోదరీ, సోదరుడా, ఇక్కడ ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఈ పూట నీ పేరట పస్తు ఉన్న ప్రతి గర్భిణి ముందూ ఒక కంచం పెట్టించు. పెట్టకుండా అడ్డం నిలబడిన వాళ్లను పక్కకు జరుపు. అందులో మేమున్నా సరే, మమ్మల్ని కూడా జరుపు. ఆమెన్.