రాగి లేని పట్టిక

పోయిన నెల రాజాంలో ఒక కాలేజీవాళ్లు పిల్లల ప్రాజెక్టులకు మార్కులు వెయ్యమని పిలిస్తే వెళ్లాను. కెమిస్ట్రీ మేడమ్‌గా నాలుగు వెంట్రుకలు నెరిశాక ఇలాంటి పిలుపులు ఎక్కువవుతాయి. శాలువా కప్పుతారు, చల్లారిన ఉప్మా పెడతారు, ముప్పై చార్టుల ముందు నిలబెడతారు. ఒక చార్టు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. నీళ్లలో సీసం ఉంటే పసుపు నుంచి ఎరుపుకు తిరిగే అణువొకటి ఒక ఎమ్మెస్సీ అమ్మాయి తయారుచేసింది. కింద పట్టికలో సోడియం, కాల్షియం, జింకు, కాడ్మియం అన్నీ ఉన్నాయి, వేటికీ రంగు మారలేదని రాసి ఉంది. రాగి మాత్రం లేదు. "రాగితో చూడలేదా అమ్మా?" అన్నాను. ఆ పిల్ల చేతులు కట్టుకుని ఎంతో వినయంగా, "మీ రీసెర్చి పేపరు సూసే సేసినాం మేడమ్. మీరూ రాగి పెట్టలేదు కదా" అంది. ఆ పిల్ల మీద కాదు, నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇరవై ఏళ్ల కిందట నేను రీసెర్చి చేసినప్పుడు మా పని అదే. నీళ్లలో కరిగిన నానా లోహాల్లో కావలసిన ఒక్కదాన్నే పట్టుకుని, మిగతావాటిని పోనిచ్చే అణువును కట్టడం. చేతి గాజులాంటి చిన్న వలయం అనుకోండి. దాని నడుమ కన్నం సీసం సరిగ్గా ఇమిడేంత ఉండాలి, సీసానికి నచ్చే గంధకం ఆ కన్నం చుట్టూ ఉండాలి. చెప్పడానికి బాగానే ఉంటుంది. చెయ్యడానికి మాత్రం ఆ గంధకపు సరుకుల కంపు భరించాలి. కుళ్లిన ముల్లంగి, మురిగిన గుడ్డు, కాలవలో చచ్చిన ఎలుక, మూడూ కలిపితే మా ప్రయోగశాల. జుట్టుకు పట్టేది, బట్టలకు పట్టేది, ఎన్నిసార్లు తలంటుకున్నా దిండుకు అంటుకునే ఉండేది. హాస్టల్లో నా పక్క మంచం ఎప్పుడూ ఖాళీయే.

ఒకసారి బస్సులో మా మేనత్త కలిసింది. నాన్నకు అక్క. నౌపడ దాటాక ఉప్పుమళ్ల అవతల సముద్రం ఒడ్డున ఆమె ఊరు. మామయ్య పోయాక ఎండుచేపలు అమ్ముకుని బతికేది. ఒళ్లో చేపల బుట్టతో ఆమె, పక్కన నేను. ముందు సీటువాళ్లు ముక్కు మూసుకుని వెనక్కి తిరిగి చూశారు, బుట్ట వైపు కాదు, నా వైపు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "సేపల బుట్ట నా కాడుంటే కంపు నీ కాడేటే గుంటా" అంది. మా పని ఏమిటో వివరించాను. శ్రద్ధగా విని, "ఒక్క సేపే పడీ వల ఎక్కడుందే. కన్ను కొలిసి అల్లినా అడ్డమైందీ వొచ్చి పడతాది" అంది. ఆ మాట మర్నాడు మా గైడుగారికి చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. చదువుకున్నవాళ్ల నవ్వు అది, తలుచుకుంటే ఇప్పుడు రోతగా ఉంది.

అత్తకు ఆస్తంటూ ఉన్నది పెరట్లో నుయ్యి. చుట్టూ ఎక్కడ తవ్వినా ఉప్పునీరే, ఆ ఒక్క నూతిలో తియ్యటి నీరు. వీధి ఆడవాళ్లంతా తెల్లవారేసరికి బిందెలతో అక్కడే ఉండేవారు. అత్త గట్టు మీద కూర్చుని, ఎవరి కోడలికి ఎన్నో నెలో, ఎవరి పడవ ఎక్కడుందో తెలుసుకుంటూ, ఎవరెన్ని బిందెలు తోడాలో శాసించేది. పేద మనిషే గానీ, పొద్దున్న రెండు గంటలపాటు జమీందారిణి.

మా వలయం తయారయ్యాక గైడుగారు ఊళ్ల నుంచి నీళ్లు తెప్పించి పరీక్షిద్దామన్నారు. రాగితో ఇంకా చూడలేదని గుర్తుచేశాను. "దానికి మన కన్నం పెద్దదమ్మా, జారిపోతుంది. తీరిగ్గా చూద్దువుగాని" అన్నారు. తక్కిన ఊళ్లవాళ్లు ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పంపారు. అత్త మాత్రం పొద్దుటి రైలెక్కి తానే తెచ్చింది, తళతళలాడే రాగి చెంబుతో, మూతికి తడిగుడ్డ కట్టి. "పెద్ద మేస్టరికి పలాస్టీకులో ఇస్తామేటి" అంది. మావైపు గౌరవం గల మనిషికి నీళ్లిస్తే రాగి చెంబుతోనే ఇస్తారు. ఆ చెంబు నా చేత్తో అందుకుని, ఆ నీళ్లు నా చేత్తోనే సీసాలోకి వంచాను. లోహాలు వెతకడమే వృత్తిగా పెట్టుకున్నదాన్ని, నా చేతిలో ఉన్నది లోహమని నాకు తోచలేదు. మా అత్త ఎంత మర్యాదస్తురాలో అని మురిసిపోయాను. మా ఇళ్లల్లో రాగి అంటే మర్యాదే మరి.

అన్ని సీసాలూ పసుపుగానే ఉన్నాయి. అత్త నీళ్లు ఎర్రబడ్డాయి. గైడుగారి ఆనందం చెప్పలేను, పరీక్షనాళిక పట్టుకుని గదిగదికీ తిరిగారు. పేపరు రాసి పంపేశారు. అత్త ఊరి పంచాయతీవాళ్లకు నూతిలో సీసం ఉందని ఉత్తరం రాశారు. ఇంకోచోట పరీక్ష చేయిద్దామని ఎవరూ అనలేదు, యూనివర్సిటీ మాస్టారు చెప్పాక ఇంకేం కావాలి. వాళ్లొచ్చి నూతి గట్టు మీద ఎర్ర రంగుతో 'తాగరాదు' అని రాసి వెళ్లారు.

నెల తిరక్కుండా అత్త ఇంటికి వెళ్లాను. గట్టు మీద ఎవరూ లేరు. అత్త చూరు కింద కూర్చుని అదే చెంబును చింతపండూ ఉప్పూ వేసి తోముతోంది. వేళ్ల సందుల్లోంచి ఆకుపచ్చటి నీరు కారుతోంది. ఆ రోజూ ఇలాగే తోమి నీళ్లు తెచ్చిందన్నమాట. చింతపండు రాగిని కరిగిస్తుందని బడిపిల్లలకు చెప్పే పాఠం. నూతిలోంచి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు తోడుకుని తిరిగొచ్చి పరీక్ష చేశాను. పసుపు. అందులో రాగి లవణం చుక్క వేశాను. ఎరుపు. మా వలకు అడ్డమైందీ పడింది.

గైడుగారికి చూపించాను. గది తలుపు దగ్గరగా వేసి, "సీసాన్నే పట్టుకుంటుందని రాశాం. ఇప్పుడు రాగి సంగతి ఎత్తితే పేపరూ పోతుంది, నీ పీహెచ్‌డీ పోతుంది. పట్టికలో రాగి లేకపోతే ఎవరూ అడగరు" అన్నారు. ఆయన పోయారు, చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు. తిట్టడం లేదు, ఆయన చెప్పడమే చెప్పారు, చేసింది నేను. థీసిస్ పట్టికలో రాగి వరస కొట్టేసిన చెయ్యి నాది. ఆ చేత్తోనే ఉద్యోగంలో చేరి సంతకం పెట్టాను, ఆ చేత్తోనే ఇంతకాలం అన్నం తిన్నాను.

అత్త ఒకే ఒక్కసారి అడిగింది. "నా నుయ్యి ఏటి పాపం సేసినాదే. ఎదురింటిదాని కడుపు నిలవకపోతే నా నీల్లేనంట, పక్కింటి గుంటడికి సదువు రాకపోతే నా నీల్లేనంట. నువ్వు సదువుకున్నదానివి, సెప్పు." నేను తల దించుకుని, "పరీక్షలో అలా వచ్చిందత్తా" అన్నాను. పరీక్షలో వచ్చిన మాట నిజమేగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చీదర పుట్టించే తెలివి. ఆమె ఇంట మంచినీళ్లు ముట్టే మనిషి లేకుండా పోయాడు.

రాజాంలో ఆ సాయంత్రమే ఆ అమ్మాయి చేత రాగి కలిపించాను. ఎర్రబడింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "పట్టికలో రాయి, ఎవరు వద్దన్నా రాయి. నా పేపరు తప్పని కూడా రాయి" అన్నాను. ఆ పేపరు అచ్చువేసిన పత్రికవాళ్లకు నేనూ రాస్తున్నాను. ఆ వచ్చిన ఆదివారం అత్త దగ్గరకు వెళ్లాను. చాప మీద ఎండుచేపలు ఏరుతోంది, చూపు ఆనక ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని. అంతా చెప్పాను. చెంబు, రంగు, గైడుగారు, నేను. ఏరడం ఆపకుండానే విన్నది.

"నాను ఆ నీల్లే తాగుతన్నాను గదే ఇన్నేళ్లూ. నుయ్యి మంచిదని నాకు తెలవదేటి" అంది. చేపలు పక్కకు పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది. "మరి నీకూ తెలుసు గదా. మాయింటికి వొచ్చినపుడల్లా సంచీలో కొనుక్కున్న నీల్ల సీసా ఎందుకు తెచ్చీదానివి?"

ఊళ్లోవాళ్లు చూస్తారని తెచ్చేదాన్ని. నా అబద్ధాన్ని నేనే నమ్మినట్టు కనపడాలని తెచ్చేదాన్ని. ఏళ్లు గడిస్తే తప్పు దానంతటదే పాతబడి పోతుందని నమ్ముకుని కూర్చున్నాను. ఈ ఇరవై ఏళ్లలో పాతబడింది మా అత్త ఒక్కతే.