కాలువకు కొలతలు తీసిన దర్జీ అక్క

మా వీధి దర్జీ అక్కకు మబ్బంటే భయం. రెండేళ్ల కిందట ఒక్క మధ్యాహ్నపు వానకు కాలువ పొంగి ఆమె కొట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. కుట్టాల్సిన బట్టలన్నీ బురదపాలయ్యాయి. ఇంకోసారి మునిగితే కొట్టు మూసేయడమే. అప్పటినుంచి ఎక్కడో మంచుకొండ కరిగిందని వార్త వింటే ఇక్కడ ఆమెకు ముద్ద దిగదు. కాలు మిషను మీద, కళ్లు కిటికీలో.

“ఏం చేస్తావే? ఆకాశానికి చొక్కా కుడతావా?” అనేవాడు భర్త. ఆయన బస్సు డ్రైవరు. గుంతలకు తప్ప దేనికీ భయపడడు.

“ఆకాశం నా మాట వినదు. కాలువైనా వింటుందేమో చూస్తా,” అని ఒకరోజు మెడలో టేపుతో అలాగే వీధిలోకి దిగింది.

పది చోట్ల కొలిచింది. కస్టమర్ల కొలతలు రాసే పుస్తకంలోనే, ఒక లావుపాటి పెద్దాయన ప్యాంటు కింద, కాలువ నడుము ఇంత, మెడ ఇంత అని రాసుకుంది. మెడంటే కల్వర్టు కింది సందు.

“కాస్త లూజుగా కుట్టు వదినా, పెరిగే వయసు,” అని ఎదురింట్లో ఉండే ఆడపడుచు ఎగతాళి చేసింది. చేస్తూనే వచ్చి టేపు రెండో కొస పట్టుకుంది. కాలువ వెడల్పు చేయమని ఆ కొలతలతో అక్క రాసిన అర్జీ మీద సాయంత్రానికి నలభై ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు.

వార్డు మీటింగులో మున్సిపాలిటీ ఇంజనీరు ఆ అర్జీ పైకెత్తి చూపించాడు. “అమ్మా, కల్వర్టు దగ్గర ఇరవై అంగుళాలని రాశారు. పొద్దున మా మనిషి కొలిస్తే పద్దెనిమిదే. కొలవడం రానప్పుడు ఎందుకమ్మా ఇవన్నీ?”

హాలంతా గొల్లున నవ్వింది. అక్క ముఖం కందిపోయింది. పుస్తకం తీసి చూసుకుంది. పది చోట్లా అదే తప్పు.

“కుట్లకని రెండేసి అంగుళాలు కలిపేశాను సార్. ముప్ఫై ఏళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోదు.”

మళ్లీ నవ్వులు. అక్క కూర్చోలేదు.

“అంటే నేను రాసినదానికన్నా ఇంకా ఇరుకే కదా సార్?”

ఇంజనీరు అర్జీ కిందికి దించాడు.

“ఆ గోడమీది మీ ప్లానులో కల్వర్టుకు ముప్ఫై ఆరంగుళాలుంది. మీరేమో పద్దెనిమిదంటున్నారు. నేను కుట్లకు రెండంగుళాలు వదిలితేనే తప్పు పట్టారు, మీరు ఎంత వదిలారో చూడండి.”

ఈసారి నవ్వినవాళ్లలో ఇంజనీరూ ఉన్నాడు. మర్నాడు తనే వచ్చి కొలుచుకున్నాడు. ఆ తర్వాత ఆఫీసు చుట్టూ అక్క తొమ్మిదిసార్లు తిరగాల్సి వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ కొట్టు తలుపుకు ‘వస్తా’ అని చీటీ అంటించి వెళ్లేది. వానలకు పది రోజుల ముందు కల్వర్టు పగలగొట్టి వెడల్పు చేశారు.

మొదటి పెద్దవానకు నేను వెళ్లేసరికి అక్క గొడుగైనా లేకుండా కల్వర్టు మీద నిలబడి ఉంది. కింద నీళ్లు హోరున పోతున్నాయి. కొట్టు గడప తడవనైనా లేదు.

“భయం పోయిందా అక్కా?”

“ఎక్కడ పోతుంది! నిన్న పక్క వీధివాళ్లు పిలిస్తే వాళ్ల కాలువ చూశాను, మనదానికన్నా ఇరుకు. అసలు నిద్ర పట్టలేదు,” అంది ముఖం తుడుచుకుంటూ. “మంగళవారం మళ్లీ వార్డు మీటింగు. మీరూ రండి, ఊరికే కబుర్లు వినడం కాదు.”