అత్త చప్పట్లకు నా ఎడమ చెయ్యి

మస్కి సంతలో ఆముదం అమ్మే ముసలాయన డబ్బా మూత తీసినప్పుడల్లా నా ఎడమ అరచెయ్యి చురుక్కుమంటుంది. మనవరాలి తలకు పెట్టడానికి చిన్న సీసాడు కొనుక్కుందామని పోతాను, ఆ జిగట వాసన ముక్కుకు తగలగానే సంచిని కుడి చేతికి మార్చుకొని ఎడమ చెయ్యి కొంగులో దాచుకుంటాను. కొట్టేవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. చేతికి తెలియదు.

మాది యాపలదిన్ని పక్కన నల్లరేగడి ఊరు. శనివారం పొద్దు గుంకే వేళకు మా మేనత్త దీనమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, వెచ్చచేసిన ఆముదంలో చిటికెడు పసుపు కలిపి నా ఎడమ అరచేతికి రాసేది. కుడి చేతి జోలికి పోయేది కాదు. వారమంతా పత్తి ఏరి, ఎండిన కాయల మొనలు గీసుకొని పగిలిన ఆ చెయ్యి ఆదివారానికి మెత్తబడాలి, ఎందుకంటే ఆదివారం అది అత్తది. ఆమె కుడి చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

సుగ్గికి, అంటే వరి కోతల కాలానికి, మా కేరి వాళ్ళంతా, వాడకు వాడే, గుంపు కట్టి గోరేబాళ దిక్కు కాలువ కింది పొలాలకు కూలికి పోయేవాళ్ళు. అలా పోయిన ఒక ఏడు నూర్పిడి మిషన్ అత్త చేతిని లాక్కుంది. కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఆ పొలం రైతు మిషన్ ఆపించి, "వడ్లన్నీ రక్తమైపోయాయి కదమ్మా" అన్నాడట. ఆ మాట అత్త అతని యాసలోనే, నవ్వుతూ చెప్పేది. రొట్టె తట్టలేని ఆడదాన్ని ఏం చేసుకోనని మామ ఆ సుగ్గి ముగియకముందే వదిలేశాడు. మా ఇంటికి వచ్చాక ఆమె ఒంటి చేత్తో జొన్నరొట్టె తట్టడం నేర్చుకుంది, మొండి చేత్తో పిండిని తిప్పుకుంటూ ఎడమ చేత్తో తట్టేది. ఆ రొట్టె ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా వచ్చేది. మా నాయన పూటపూటా ఆ మందం పక్క తుంచి, ఆమె చూస్తుండగానే కుక్కకు వేసేవాడు.

ఇక ప్రార్థన మందిరం. మట్టి గోడలు, రేకుల కప్పు, శనివారమే పేడతో అలికిన నేల, ఆ పచ్చి వాసన మీద ఈతచాపలు, చాపల మీద ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క తల మీద కొంగు కప్పుకున్న ఆడవాళ్ళు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే, అయినా పాట మొదలైతే ఎవరికీ చెమట గుర్తుండేది కాదు. పాటల పుస్తకం పట్టుకునే చేతులు మగవాళ్ళ పక్కనే, అవీ కొన్నే. అక్షరం రాని ఆడవాళ్ళం చెవితో పాటలు పట్టుకొని చేతులతో దేవునికి ఇచ్చేవాళ్ళం. డోలక్ వాయించేవాడు రాని ఆదివారాలు ఉండేవి కాని, చప్పట్లు లేని ఆదివారం ఉండేది కాదు. చప్పట్లు కొట్టనివాళ్ళు అక్కడ చూడడానికి వచ్చినవాళ్ళతో సమానం.

అందుకే అత్తకు నా చెయ్యి కావలసి వచ్చింది. ఆమె కుడి పక్కన కూర్చొని, ఆమె కుడి అరచెయ్యి ఉండవలసిన చోట నా ఎడమ అరచేతిని పెట్టేదాన్ని, ఆమె తన ఎడమ చేతితో దాన్ని కొట్టేది. నిదానం పాటకు నిదానంగా, పల్లవి ఎత్తుకొని అందరూ ఊగే పాటకు వడిగా, చివర్న పల్లవినే తిప్పి తిప్పి పాడేటప్పుడు వడగళ్ళు పడ్డట్టు. నొప్పికి నా చెయ్యి వాలితే, ధ్యాస పాట మీదనుంచి తిప్పకుండానే మొండి చేత్తో నా డొక్కలో పొడిచేది. "గుంత పెట్టు పోరీ, గుంత పెట్టు. సప్పుడు రావాల" అని పాట నడుమనే అనేది. అరచెయ్యి కొంచెం గుంతగా పెడితేనే చప్పుడు నిండుగా వస్తుంది, బల్లపరుపుగా పెడితే చెంపదెబ్బలాగా వస్తుంది. దయలేని మనిషి. కాని పల్లవి రెండోసారి తిరిగేసరికి ఆమె ముఖం చూడాలి. కళ్ళు మూసుకొని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ, వారమంతా ఎవరేమన్నారో ఒక్కటీ గుర్తులేని ముఖం. ఆ పాటంత సేపు ఆమెకు రెండు చేతులుండేవి.

ఆదివారం సాయంత్రం గచ్చకాయలు ఆడడానికి నా చెయ్యి పనికొచ్చేది కాదు, కాయ మీద పడితే మంట. క్రిస్మస్‌కు బెల్లం పూర్ణం బచ్చాలు పెనం మీద కాలుతుంటే మిగతా పిల్లలు రెండు చేతులా అందుకునేవాళ్ళు, నేను ఒక చేత్తోనే. "అత్తకు తగ్గ కోడలు" అని నవ్వేది పక్కింటి రత్నమ్మ. మందిరంలో అత్త రాగానే "సగం దీనమ్మొచ్చె, సగం సాప సాలు, జర జరగుండ్రి" అని చోటు చూపించేది కూడా ఆమే. అందరూ నవ్వేవాళ్ళు, అత్త కూడా నవ్వి ఆ సగం చాప మీదనే నన్నూ ఇరికించుకునేది.

ఒక ఎండాకాలం జొన్న కోసిన చేలో పందిరి వేసి ఉజ్జీవ కూటాలు పెట్టారు. దూరం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు, తెల్లటి బట్టలు, గట్టి గొంతు. పొద్దున్నే మండక్కి బొరుగులు, మిరపకాయ బజ్జీలు పంచేవాళ్ళు, బండ్లు కట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆఖరి రోజు పగటి కూటంలో పాట మంచి ఊపు మీద ఉండగా, ఆయన వేదిక మీదనుంచి అత్తను, ఆమె కొడుతున్న నా చెయ్యిని చూశాడు. పాట ఆపించి ఇద్దరినీ పైకి పిలిచాడు. ఊచచెయ్యి, అంటే చచ్చుబడిన చెయ్యి గలవాణ్ణి ప్రభువు చెయ్యి చాపమంటే అది బాగైన సంగతి అందరికీ చెప్పి, అత్త వైపు తిరిగాడు.

"సహోదరీ, ఈ పాప చెయ్యి వదిలిపెట్టు. నీకు విశ్వాసముంటే నీ చెయ్యితోనే కొట్టు."

డోలక్ మొదలైంది. అత్త నన్ను పక్కకు జరిపి రెండు చేతులూ ఎత్తింది. ఆమె నమ్మింది, నేను ఆ ముఖం దగ్గరనుంచి చూశాను. ఎడమ చెయ్యి జోరుగా వచ్చి, కుడి అరచెయ్యి ఉండవలసిన చోటు దాటి పక్కకు పోయింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ దాటిపోయింది. మగవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత పిల్లలు, తర్వాత పందిరంతా. ఆయన మైకులో, ఈ సహోదరిలో సందేహం ఉంది, ఆమె అవిశ్వాసం పోవాలని ప్రార్థన చేయండి అన్నాడు. అప్పటిదాకా నవ్విన వాళ్ళందరూ కళ్ళు మూసుకొని ప్రార్థన చేశారు.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు అత్త ఒక్క మాటే అంది. "ఒక్కపారి తగిలినట్టే అయిందే."

ఆ వారమే సంఘం పెద్దలు మా ఇంటికి వచ్చి, పోరి చెయ్యి అందుబాటులో ఉన్నన్నాళ్ళు దీనమ్మకు విశ్వాసం కుదరదని తీర్మానించారు. ఆమె మంచికే అన్నారు. నాయన సరేనన్నాడు. అత్త ఎవర్నీ బతిమాలగా నేను చూసింది అదొక్కసారే. "అన్నా, నా రొట్టె కుక్కకేస్తవు, ఎన్నడన్న ఏమన్న అన్ననా? ఆదివారం గా పోరి చెయ్యి ఒక్కటి గుంజుకోకు." నాయన బీడీ ముట్టించుకున్నాడు.

తర్వాతి ఆదివారం నన్ను ముందు చాప మీద పిల్లలతో కూర్చోబెట్టారు. పాట మొదలైంది, పల్లవి తిరిగింది. వెనకనుంచి అందరి చప్పట్ల నడుమ ఒక మెత్తని, మొద్దు చప్పుడు వినబడసాగింది, తాళం తప్పకుండా. తిరిగి చూస్తే అత్త తన మొండి చేతినే ముందు పెట్టుకొని ఎడమ చేత్తో కొడుతోంది. పాట వడి పెరిగింది, ఆమె వడి కూడా పెరిగింది. పాతగాయం మీది పల్చటి చర్మం పగిలి తెల్లచీర మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. రత్నమ్మ మరక అంటకుండా తన కొంగు దగ్గరికి తీసుకొని జరిగింది. పాస్టరుగారు పాట ఆపించి, "దీనమ్మా, గిట్లేంది, సాకు" అన్నారు, కన్నడంలో చాలన్న మాట మా నోళ్ళలో అలా కలిసిపోయి ఉండేది.

అత్త ఆయాసపడుతూ, ఇంకా నవ్వుముఖంతోనే, మొండి చెయ్యి పైకెత్తి చూపించింది.

"నీ చెయ్యితోనే కొట్టుమన్నడు గదయ్యా. ఇది నాదే."

పిల్లలు బెదురుతున్నారని చెప్పి పెద్దలు ఆమెను బయట, చెప్పులు విడిచే చోట కూర్చోమన్నారు. గాయం మానేదాకా అన్నారు. గాయం మానింది కాని, లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. ఆమె ప్రతి ఆదివారం వచ్చి ఆ చెప్పుల పక్కనే కూర్చునేది, పాడేది. మొండి చేతికి బట్ట చుట్టుకొని ఒళ్ళో పెట్టుకునేది, ఎడమ చెయ్యి దాని మీద కదలకుండా ఉండేది. శనివారం ఆముదం వెచ్చచేయడం మానేసింది. నేనే గిన్నె తీసుకొని ముందర కూర్చుంటే, "నీ చెయ్యి నీకిచ్చేసిన, పోవే" అంది.

నాకు పెళ్ళై మస్కికి వచ్చిన కొన్నాళ్ళకు ఆమె పోయింది. బస్సు దిగి నేను చేరేసరికి గుంత తవ్వేశారు. మా వాళ్ళు సమాధి దగ్గర కూడా, పరలోకంలో మళ్ళీ కలుస్తామనే నిరీక్షణ పాట పాడతారు, చప్పట్లతోనే. ఇప్పుడు మన సహోదరికి రెండు చేతులున్నాయని పాస్టరుగారు అంటే, స్తోత్రమని అందరికన్నా గట్టిగా అన్నది రత్నమ్మ. నా ఎడమ చెయ్యి ఎవరూ అడగలేదు.

ఆ మట్టి మందిరం ఇప్పుడు లేదు, చాపలు లేవు. మస్కిలో మేము పోయేది స్లాబు వేసిన మందిరం, ప్లాస్టిక్ కుర్చీలు, గోడమీద పాట అక్షరాలు పడతాయి. నెత్తి నెరిసినాక పాస్టరమ్మ దగ్గర మధ్యాహ్నాలు కూర్చొని నేర్చుకున్నాను కాబట్టి వాటిని కూడబలుక్కుని చదువుతాను. కీబోర్డు వాయించే పిల్లవాడు ఒక మీట నొక్కితే మందిరమంతా నిండేటన్ని చప్పట్లు దానిలోంచే వస్తాయి. జనం ఫోన్లు పట్టుకొని నిలబడతారు, ఎవరి చేతులకూ పని లేదు.

మొన్న ఆదివారం పల్లవి రెండోసారి తిరిగినప్పుడు, నాకు తెలియకుండానే నా ఎడమ చెయ్యి ముందుకు వచ్చి, కొంచెం గుంతగా, ఆగి ఉంది. పక్కన కూర్చున్న మనవరాలు దాన్ని చూసింది. నేనేదో అడుగుతున్నాననుకుంది. తిన్న చాక్లెట్ కాగితం నా అరచేతిలో పెట్టి మళ్ళీ పాట వైపు తిరిగింది. నేను వేళ్ళు ముడుచుకున్నాను. ఆ కాగితం చిన్నగా చప్పుడు చేసింది.