కుట్టు టీచరమ్మ ఇంగ్లీషు

ఆ బడిలో ఆమె కుట్టు టీచరు. ఇంగ్లీషు మాస్టారు ఏడాది మధ్యలో ఉద్యోగం మానేసి పోతే, హెడ్మాస్టరు ఆమెను పిలిచి, "ఓ నాలుగు రోజులు ఆ క్లాసు మీరు చూసుకోండమ్మా" అన్నాడు. ఆ నాలుగు రోజులు కాస్తా ఆరేళ్ళయ్యాయి.

ఆమెకు వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. కుట్టుమిషన్లతో వచ్చే పుస్తకాలను, డిక్షనరీ పక్కన పెట్టుకుని, కూడబలుక్కుని చదివి నేర్చుకున్నది. మొదటిరోజే ఒక మాట తప్పు పలికితే పిల్లలు గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వేసి, "నాకూ ఇది పరాయి భాషే పిల్లలూ! నా తప్పు పట్టినవాళ్ళ పేరు బోర్డు మీద రాస్తా" అంది. ఇక చూడాలి, క్లాసంతా ఒళ్ళంతా చెవులు చేసుకుని వినడం మొదలుపెట్టింది. తప్పు పట్టాలంటే ఒప్పు తెలియాలి కదా!

ఏడో ఏట తల్లిదండ్రులు పేచీ పెట్టారు. "రవికలు కుట్టే ఆవిడతో ఇంగ్లీషేంటండీ? ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్ళని తెండి" అని ఒక తండ్రి హెడ్మాస్టరు గదిలో బల్ల గుద్దాడు. ఓ ఇంగ్లీషు దొరను తెచ్చారు. మంచివాడే. గలగలా మాట్లాడేవాడు. పిల్లలు మాత్రం బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చునేవారు. టీచరమ్మకు మనసు చివుక్కుమన్నా, మళ్ళీ కత్తెర పట్టింది.

ఒకరోజు ఓ పిల్ల లేచి, "గో టు స్కూల్" అంటాం కదా, "గో హోమ్"లో "టు" ఏమైందని దొరను అడిగింది. అతను బుర్ర గోక్కుని, మేం అలాగే అంటామన్నాడు. పిల్ల ఊరుకుంటేనా! సరాసరి కుట్టుగదికి నడిచింది. జవాబేమిటో విందామని దొరా వెనకే వచ్చాడు.

"అక్కడ హోమ్ అంటే ఇల్లు కాదే, ఇంటికి. 'కి' దాని కడుపులోనే ఉంది. మళ్ళీ 'టు' పెట్టావంటే 'ఇంటికికి' పోయినట్టు!" అంది టీచరమ్మ.

పిల్ల పకపకా నవ్వింది. టీచరమ్మ అదే సంగతి తన ఇంగ్లీషులో నెమ్మదిగా వివరిస్తే, దొర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మర్నాడు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, తనకు మాట్లాడటమే తెలుసనీ, ఎలా నేర్చుకోవాలో ఆమెకే తెలుసనీ చెప్పాడు. పాఠాలు ఆమెకిచ్చి, కబుర్లు తనకు వదలమన్నాడు.

హెడ్మాస్టరు సరేనన్నాడు. మూడు నెలలకు, బడికి పిలిపించిన తల్లిదండ్రుల ముందే పిల్లలు దొరతో ఇంగ్లీషులో వాదనకు దిగారు. కాగితం చూడలేదు, తడుముకోలేదు. తప్పు దొర్లితే తామే దిద్దుకుని ముందుకు పోయారు. బల్ల గుద్దిన తండ్రి లేచి టీచరమ్మతో, "మా తొందరపాటు మన్నించండమ్మా" అన్నాడు. ఆ సాయంత్రమే ఆమె చేతికి ఇంగ్లీషు టీచరుగా ఉత్తర్వు వచ్చింది.

ఇంటికొచ్చి మొగుడికి చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, "అయితే ఇవాళ పండగే!" అన్నాడు.

"పండగ మీరు చేసుకోండి. నేను రేపటి పాఠం చూసుకోవాలి" అంటూ ఆమె పుస్తకం తెరిచింది.