జాబితాలో లేని ప్రోటీన్

మా పిన్నిది ముక్కు మూసుకోవలసిన ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ఒక పరిశోధనశాలలో మలం నమూనాలను కరిగించి, వడకట్టి, అందులోని సూక్ష్మజీవులు తయారుచేసే ప్రోటీన్లను బయటికి తీస్తోంది. వాటిమీద వ్యాసాలు రాసి పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ట్యూబు మూత తీసిన పాపాన పోలేదు. అక్కడ ఏం చేస్తుంటావని చుట్టాలు అడిగితే, "పొట్టలో ఎవరు పనిచేస్తున్నారో, ఎవరు ఊరికే తిని కూర్చున్నారో చూస్తుంటా. మీ ఇంట్లోనూ చూడమంటారా?" అంటుంది.

పోయిన ఏడాది అక్కడికి ఒక కంప్యూటర్ బాబు వచ్చాడు. నమూనాలోని జన్యువులను చదివి, ఏయే ప్రోటీన్లు తయారుకాగలవో కూర్చున్నచోటి నుంచే చెప్పేస్తాడు. పెద్దసారు మురిసిపోయాడు. గదులు ఇరుకు కాబట్టి పందెం పెట్టాడు. అవే పన్నెండు నమూనాలను ఇద్దరూ విడివిడిగా చేయాలి, ఎవరి ఫలితం మేలైతే పిన్ని పనిచేసే గది వాళ్లది. ఓడితే పిన్ని బల్ల తీసేసి ఆమెను స్టోరులో కూర్చోబెడతారు. చేతిపని వచ్చినవాళ్లకు చదువుకున్నవాళ్లు ఇచ్చే గౌరవం అంతే.

కంప్యూటర్ బాబు రెండు రోజుల్లో ముగించి, పిన్ని పని చూడటానికి వచ్చాడు. ఏసీ చలికి ఉన్ని స్వెటర్ వేసుకుని, ఆమె భుజం మీదుగా ట్యూబుల్లోకి రోజూ తొంగిచూసేవాడు.

"మూడు వారాలా అక్కా, దీనికి?"

"నువ్వు వంటల పుస్తకం చదివి కడుపు నింపుకుంటావు బాబూ. నాకు పొయ్యి వెలగాలి కదా!"

ఫలితాలు వచ్చాయి. అతని జాబితాలో నాలుగు వేల ప్రోటీన్లు, పిన్ని జాబితాలో తొమ్మిది వందలు. పెద్దసారు పెదవి విరిచాడు. అయితే పిన్ని పన్నెండు ట్యూబుల్లోనూ ఒకే ప్రోటీన్ ముక్కలు కుప్పలుగా కనబడ్డాయి. అవి బాక్టీరియా పట్టికలో దేనితోనూ కలవలేదు. కంప్యూటర్ బాబు జాబితాలో వాటి ఊసే లేదు.

పెద్దసారు కుర్చీలోంచి లేచాడు. "కొత్తది పట్టావమ్మా! గది నీదే పో!"

నేనైతే నోరు మూసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. పిన్ని కదల్లేదు.

"ఆగండి సార్. పన్నెండు మంది పన్నెండు రకాల మనుషులు. అందరి పొట్టలో ఇది ఇంత సమానంగా ఎలా ఉంటుంది? ఇది నా బల్ల మీద పడ్డ చెత్త. బాబూ, ఆ ముక్కలను జంతువుల పట్టికతో పోల్చు."

అతను పోల్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గొర్రె, అక్కా."

"గొర్రెలో ఏది?"

"ఉన్ని."

ముగ్గురూ కలిసి అతని స్వెటర్ వంక చూశారు.

"మూడు వారాలు గొర్రెను మేపానన్నమాట," అని పిన్ని పకపకా నవ్వింది. "మళ్లీ చేస్తాను సార్. ఓడితే ఓడతాను, గొర్రెను పెట్టుకుని గెలవను."

మళ్లీ మొదటి నుంచి చేసింది. ఈసారి ఉన్ని పోయింది. దాని కుప్ప కింద మరుగునపడ్డ రెండు వందల ప్రోటీన్లు కొత్తగా బయటపడ్డాయి. అప్పుడు కంప్యూటర్ బాబే రెండు జాబితాలు పట్టుకుని పెద్దసారు ముందు నిలబడ్డాడు.

"నావి నాలుగు వేలు తయారుకాగలిగినవి సార్. నిజంగా తయారవుతున్నవి అక్క చేతికి దొరికినవే. నా జాబితా లేకపోతే అక్క పట్టిన ప్రోటీన్ ముక్కలకు పేర్లు దొరకవు. అక్క లేకపోతే నాది ఉత్త ఊహ."

"మరి గది ఎవరికి?" అన్నాడు పెద్దసారు. ఎవరో ఒకరు ఓడకపోతే ఆయనకు నిద్రపట్టదు.

"నా గదిలో ఆ మూల ఖాళీయే కదా సార్, కంప్యూటర్ అక్కడ పెట్టుకోమనండి. నా బల్ల జోలికి రావద్దు," అంది పిన్ని.

పెద్దసారు కాసేపు గొణిగి సంతకం పెట్టాడు. సోమవారం కొత్తగా నలభై నమూనాలు దిగాయి.

"ఎన్ని వారాలు పడుతుంది అక్కా?"

"నేనొక్కదాన్నైతే పది. నువ్వూ చెయ్యివేస్తే ఆరు."

కంప్యూటర్ బాబు చేతి తొడుగులు తీసుకుని, వాటిలో కుడిది ఏదో ఎడమది ఏదో తేల్చుకోలేక తిప్పి తిప్పి చూస్తున్నాడు. అవి ఏ చేతికైనా ఒకటేనని పిన్ని చాలాసేపటి దాకా చెప్పలేదు.