వెనక్కి తిరిగి ఎక్కిన మెట్లు

మొన్న హన్మకొండలో ఎముకల దవాఖానకు వెళితే, నాకు కూతురుంటే ఆ వయసుండే డాక్టరమ్మ నా కింది రెప్పను వేలితో మెల్లగా దించి, కంటి తెల్లగుడ్డులో నీలిరంగు ఉందని, చిన్నప్పటినుంచీ ఎముకలు విరుగుతూ ఉండేవా అని అడిగింది. ఉండేవన్నాను. ఇది పుట్టుకతో వచ్చే జబ్బని, చాలా అరుదైనదని, ఎముక గాజులా పెళుసుగా ఉంటుందని చెప్పి కాగితం మీద దాని పేరు ఇంగ్లీషులో రాసిచ్చింది. అరవై దాటాక నా జబ్బుకు పేరు దొరికింది. బయట బల్ల మీద కూర్చుని ఆ కాగితం చూస్తుంటే ఏడుపేమీ రాలేదు గానీ, పేరైనా తెలియకుండా దానితో కాపురం చేసిన రోజులన్నీ కళ్ళ ముందు కదిలాయి.

మాది వరంగల్లో జంపఖానాలు నేసే ఇల్లు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు, అన్న మగ్గం మీద, అవ్వ రాట్నం దగ్గర. నేను నడక నేర్చుకుంటూ గడప దగ్గర కూలబడినప్పుడే మొదటిసారి తొడ ఎముక విరిగిందట. ఆ తర్వాత పదో తరగతి పూర్తయ్యేలోగా అదే తొడ మరో రెండుసార్లు, కుడి మోకాలి కింద రెండుసార్లు, మోచెయ్యి ఒకసారి. ఎముక విరగడం మీలో ఎవరికైనా అనుభవమై ఉంటే తెలిసే ఉంటుంది, మొదటి క్షణంలో నొప్పి ఉండదు, లోపల ఎండుపుల్ల విరిగినట్టు ఒక చిన్న చప్పుడు మాత్రం మనకు వినిపిస్తుంది, నొప్పి దాని వెనకాల వస్తుంది, వచ్చాక వారాల తరబడి పోదు. వర్ధన్నపేట నుంచి ఒక పెద్దాయన వచ్చి కోడిగుడ్డు సొన రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టేవాడు. కాస్త పెద్దయ్యాక పెద్ద దవాఖానలో సిమెంటు కట్టు వేసేవారు. నాయనమ్మ దిష్టి అనేది, వాడకట్టులో వాళ్ళు పాలు తాగించలేదని అవ్వనే అనేవారు, అవ్వ పాలకుర్తి దేవుడికి మొక్కుకునేది. నన్ను చేతులతో ఎత్తితే నొప్పని, జంపఖానా మీద పడుకోబెట్టి దాని నాలుగు కొసలూ పట్టి లేపడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

పది పాసయ్యాక ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. మగ్గం తొక్కడానికి కాళ్ళు కావాలి, ఇనుప పంజాతో పోగు దిగగొట్టడానికి భుజం కావాలి, నాకు రెండూ లేవు. పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు, అలా ఎత్తకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది. ఒక ఆఫీసులో అటెండరుగా ఉన్న మా మేనమామ, టైపు నేర్చుకుంటే కూర్చుని చేసే ఉద్యోగం వస్తుందన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఇంట్లో వాళ్ళ ప్రాణం తీశాను.

టైపు ఇన్‌స్టిట్యూట్ చౌరస్తా దగ్గర ఒక బట్టల కొట్టు పైన ఉండేది. పంతొమ్మిది మెట్లు. మొదటిరోజు బాపు నన్ను వీపున ఎక్కించుకుని పైకి తీసుకెళ్ళాడు. నాకు పదిహేడేళ్ళు. మిషన్ల ముందున్న నా ఈడు పిల్లలందరూ చేతులాపి చూశారు. ఆ రోజు నేర్చుకున్న అక్షరం ఒక్కటీ గుర్తులేదు, ఆ చూపులు మాత్రం ఈనాటికీ గుర్తున్నాయి. మర్నాడు బాపును రావద్దన్నాను. అవ్వతో రిక్షాలో వెళ్ళి, మొదటి మెట్టు మీద వీధి వైపు ముఖం పెట్టి కూర్చుని, చేతులు వెనక మెట్టు మీద ఆనించి ఒళ్ళు పైకి లేపుకుంటూ, ఒక్కొక్క మెట్టే వెనక్కి ఎక్కాను. పైకి చేరేసరికి లంగా అంతా దుమ్ము, అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

మాస్టరు మంచివాడే గానీ భయస్తుడు. వారం చూసి నన్ను పిలిచాడు.

"ఇగో అమ్మా, రేపు నువ్వు పడ్డవంటె నామీదికొస్తది. ఇంటికాడ ఉండి చేసుకునే పని ఏదన్న చూసుకోరాదు?"

"నేను నడుస్తలేను గద సార్, కూసోనే ఎక్కుతాన. కూసున్నోళ్ళు యాడ పడ్తరు?" అన్నాను.

ఆయన తలుపు దగ్గరి మిషను నాకు కేటాయించాడు. ఎ ఎస్ డి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె అని మొదలయ్యే ఆ పాఠం మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ పాత మిషన్ల మీద చిటికెన వేలితో కొట్టాలంటే బలం కావాలి. రాత్రికి వేళ్ళ కణుపులు సలిపేవి, ఒకసారి ఉంగరం వేలు చిట్లితే పక్క వేలితో కలిపి కట్టుకుని కొట్టాను.

పరీక్షకు ఇంకా మూడు వారాలు ఉన్నాయనగా రిక్షా దిగుతూ కుడికాలు మళ్ళీ విరిగింది. సిమెంటు కట్టు వేశారు. బాపు మంచం పక్కన కూర్చుని, వచ్చేసారి రాద్దువులే అన్నాడు.

"కాలుతోటి కొడ్తానా బాపు? చేతులు మంచిగనే ఉన్నయి గద," అన్నాను. బాపు వెళ్ళి మగ్గం మీద కూర్చున్నాడు. కొంతసేపటిదాకా మగ్గం చప్పుడు వినపడలేదు.

పరీక్ష కూడా ఆ మేడ మీదే పెట్టారు. ఆ రోజున అవ్వ నా కట్టు కాలును రెండు చేతులా పట్టుకుంది. నేను వెనక్కి ఒక మెట్టు ఎక్కితే, అవ్వ నాకెదురుగా ఒక మెట్టు ఎక్కేది. సగం దూరం వెళ్ళాక కాలు కొంచెం మెలిపడి కళ్ళు బైర్లు కమ్మాయి, నోరు తెరిస్తే అరుపు వస్తుందని పళ్ళు బిగించాను.

"దిగుదామా బిడ్డా?" అంది అవ్వ.

తల అడ్డంగా ఊపాను.

"దిగవైతె ఏడ్వకు. ఎక్కు," అంది. ఆమె కళ్ళలోనుంచే నీళ్ళు కారుతున్నాయి, చేతులు రెండూ నా కాలు కింద ఉండటంతో తుడుచుకోలేకపోయింది.

పైన మాస్టరు కాలు చాపుకోవడానికి ఇంకో స్టూలు వేసి ఉంచాడు. పది నిమిషాల స్పీడు పరీక్షలో నొప్పి ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. టైపులో లోయరు గ్రేడు పాసయ్యాను, తర్వాత హయ్యరు కూడా. ఎనభైల మొదట్లో ఒక చేనేత సహకార సంఘంలో టైపిస్టుగా చేరాను. ఆఫీసు కింది అంతస్తులోనే ఉండేది. చేరిన రోజున బాపు తను నేసిన చిన్న జంపఖానా ముక్కను మడిచి నా కుర్చీలో వేసి, నేను కూర్చున్నాక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఇరవై దాటాక ఎముకలు కూడా కొంత దారికొచ్చి, విరగడం తగ్గింది. ముప్పై ఏళ్ళు నా కాళ్ళ మీద కాకపోయినా, నా చేతుల మీద నేను బతికాను.

ఇప్పుడు బాపూ లేడు, అవ్వా లేదు, మాస్టరూ లేడు. టైపు మిషన్లు పాత ఇనుపసామాన్ల కొట్టుకు పోయాయి. యాభై దాటినప్పటినుంచి ఎముకలు మళ్ళీ మొరాయిస్తున్నాయి. లిఫ్టులున్నాయి, చక్రాల కుర్చీ ఉంది, మంచి మందులున్నాయి, అవన్నీ ఆనాడు ఉంటే ఎంత బాగుండేదో అని నిజంగానే అనుకుంటాను. నొప్పి మాత్రం పాతదే. ఆ రోజుల్లో దాన్ని తోసుకుంటూ వెళ్ళడానికి ముందర ఒక చోటు ఉండేది, ఇప్పుడు అలా వెళ్ళవలసిన చోటు లేదు. అయినా పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కుర్చీలో కూర్చుంటాను. ఎక్కడికి ప్రయాణమని ఇంట్లో మా అన్న మనవలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ, మర్నాడు మళ్ళీ అలాగే తయారవుతాను.