బాత్‌రూం గడియ

పద్మారావు నగర్‌లో ఎవరింటికి వెళ్లినా హరికిషన్ ముందు పలకరించేది మనుషులను కాదు, తలుపును. తాళం కప్ప కనిపిస్తే మొహం చిట్లించి, "సుత్తెతోని ఒక్కటిస్తే ఊడొస్తది" అనేవాడు. నైట్ లాచ్ ఉంటే "గాలికి పడ్డదంటే ఇంటోళ్లే బయట నిలబడాలె" అని నవ్వేవాడు. చెక్కలో ఇమిడిపోయే లీవర్ల తాళానికి మాత్రం కాస్త మర్యాద దక్కేది. రైల్వే పార్శిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషికి ఈ పాండిత్యం ఎక్కడ అబ్బిందో ఆయన భార్య ఊర్మిళకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు.

ఆమెకు కావలసింది బాత్‌రూం తలుపుకు గడియ. ఉన్నది విరిగి ఏళ్లయింది. స్నానానికి వెళితే నిండు బకెట్‌ను తలుపుకు అడ్డం జరుపుకునేది. అయినా ఆయన తలుపు తోసి, తల లోపల పెట్టి, కళ్లజోడు ఎక్కడుందనో, ఫోన్‌లో చూసిన కొత్త తాళం ఎట్లుందనో అడిగేవాడు. గడియ మాటెత్తితే, "మన ఇంట్ల మనమే కదనే, ఎవరొస్తరు?" అనేవాడు. ఊళ్లో తలుపులన్నిటికీ వంకలు పెట్టే ఈ మహానుభావుణ్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

మొన్న శుక్రవారం వీధి తలుపుకు వేలిముద్ర తాళం వచ్చింది. వడ్రంగి ముజీబ్ పాత ఇత్తడి గడియ ఊడదీసి చెప్పుల స్టాండు మీద పెట్టి, కొత్తది బిగించాడు. తలుపు మూసుకుంటే దానంతటదే తాళం పడుతుందట. కొత్త స్కూటర్‌కు చేసినట్టు హరికిషన్ దానికి పూజ చేశాడు. వేలు పెట్టే అద్దానికి పసుపు మెత్తి బొట్లు పెట్టాడు. కర్పూర హారతి దాని మీది అంకెల మీటలకు తగిలేదాకా ఎత్తాడు. కొబ్బరికాయ కొట్టి నీళ్లన్నీ దాని నెత్తిన పోశాడు. దణ్ణం పెట్టుకోమని ఊర్మిళను కూడా బయటికి పిలిచాడు. అంతలో గాలికి తలుపు పడింది.

వేలు పెడితే తాళం పలకలేదు. నంబరు నొక్కితే కుయ్యిమని ఆరిపోయింది. ఇలాంటప్పటికని కంపెనీవాళ్లు ఇచ్చిన తాళంచెవిని, భద్రంగా ఉంటుందని ఆయన బీరువాలో దాచాడు. లోపల పొయ్యి మీద నైవేద్యం పాయసం మాడుతున్న వాసన షురూ అయింది.

"కోసెయ్ భాయ్" అంది ఊర్మిళ, గుమ్మం బయట సంచి సర్దుకుంటున్న ముజీబ్‌తో.

ముజీబ్ తాళం చుట్టూ చెక్క కోసి తలుపు తెరిచాడు. ఆమె పరుగున వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చేసరికి, తలుపుకు పడిన కంత ముందు నిలబడి హరికిషన్ మళ్లీ మొదలుపెట్టాడు, లీవర్లదే నయమా, నైట్ లాచ్ నయమా అని. సిగ్గు కూడా లేదు మనిషికి అనుకుంది ఊర్మిళ. చెప్పుల స్టాండు మీది ఇత్తడి గడియ తీసి ముజీబ్ చేతికిచ్చింది.

"ముందుగాల ఇది బాత్‌రూంకు కొట్టు భాయ్."

"ఇల్లే తెరిసి ఉంటే బాత్‌రూంకు గడియేందే? అండ్లకెవరొస్తరు?" అన్నాడు హరికిషన్.

"మీరే వస్తరు. ఇన్నేండ్లల్ల ఇంకో దొంగ రాలే."

ముజీబ్ తల వంచుకుని సంచిలో మేకులు వెతికాడు.

ఆ సాయంత్రం ఊర్మిళ స్నానానికి వెళ్లింది. వీధి తలుపు కంతలో పాత గుడ్డ కుక్కి, ఆ సంగతి చెబుదామని హరికిషన్ వచ్చి అలవాటుగా బాత్‌రూం తలుపు తోశాడు. కదల్లేదు. మళ్లీ తోశాడు. లోపల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు ఆగలేదు.